రైట్ చెప్పిన నోరు

సారంగపాణికి వచ్చిన ఇంగ్లీషు మొత్తం కలిపి రెండు ముక్కలు. ఒకటి 'ఓల్డాన్', రెండోది 'రైట్'. మొదటిదంటే బస్సు ఆగుతుంది, రెండోదంటే కదులుతుంది. ఆ రెండు ముక్కలతోనే పదకొండేళ్లుగా ఇల్లు గడుపుకొస్తున్నాడు. మెట్రిక్ మూడుసార్లు తప్పి, తండ్రి మగ్గం మీద కూర్చోమంటే మొహం తిప్పుకుని, ఖాకీ చొక్కా తొడుక్కుని కండక్టరైనవాడికి అంతకు మించిన ఇంగ్లీషు దేనికి? కొత్తవాడ సాలె ఇండ్లన్నింట్లో ఇంగ్లీషు మాట్లాడి అన్నం తినేది తన కొడుకొక్కడేనని వాళ్లమ్మ బతికున్నన్నాళ్లూ చెప్పుకుంది.

అరవై ఎనిమిదిలో ఆ ఇంగ్లీషుకు చిక్కు వచ్చిపడింది. తెచ్చింది కూతురు సుగుణ. ఏడో తరగతి చదువుతోంది. వాళ్ల ఇంగ్లీషు సారు కిషన్ రావుకు పుస్తకంలో ఉన్న పాఠం చాలదు. బజారులో రోజూ వినబడే ఇంగ్లీషు మాట ఒక్కటి పట్టుకుని, దాన్ని ఎవరెవరు ఏ అర్థంతో అంటారో రాసుకుని రమ్మని పిల్లల్ని ఊరి మీదికి వదిలాడు. ఒకడు 'లైన్' పట్టుకున్నాడు, ఒకతె 'టైం' పట్టుకుంది. కండక్టరు కూతురు ఏం పట్టుకుంటుందో వేరే చెప్పాలా?

సారంగపాణి డ్యూటీ దిగి వచ్చి అన్నం ముందు కూర్చోగానే పిల్ల నోటుపుస్తకం పట్టుకుని ఎదురుగా చతికిలబడింది.

"ఇను బాపూ. రైట్ అంటె కుడి చెయ్యి. రైట్ అంటె ఒప్పు, మా సారు లెక్క కింద ఎర్ర సిరాతోని కొడ్తడు చూడు, అది. కిరాణం సేటు 'రైట్, రేపు రా' అంటడు, అది సరే అన్నట్టు. టేషన్ల బండి రైట్ టైం అని బోర్డు రాస్తరు. మిల్లు కాడ యూనియనోల్లు మా రైట్సు మాకియ్యాలె అని ఒర్లుతరు, అది హక్కు. గిన్ని దొరికినయ్. మరి నీ రైట్‌కు ఏం రాయాలె?"

"నా రైట్‌కు అర్థమేముంటదే? బండి పోవాలె, గంతె" అన్నాడు సారంగపాణి.

"గంతేనా? సారేమన్నడో ఎర్కేనా? కండక్టరు రైట్ అంటె 'ఎనుక నేను చూసిన, ఎవ్వలు లేరు, నన్ను నమ్మి పో' అని అర్థమట. గంత ముచ్చట గా ఒక్క మాటలనే ఉన్నదట."

పొయ్యి దగ్గరున్న భార్య నర్సమ్మ "మీ సారు బస్సులల్ల బాగ తిరిగినట్టున్నడు" అని నవ్వింది. సారంగపాణి నవ్వలేదు. ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

"ఇంకొక్కటి మిగిలింది బాపూ. చెడగొట్టినదాన్ని మల్ల సక్కజేసుడు గూడ రైటేనట. అది ఎవ్వరు అనంగ నేను ఇనలే. నువ్వు ఎన్నడన్న అన్నవా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "నాకేం తెల్సే, చదువుకునే మాటలు నన్నడిగితె?" అని కసిరి కంచం పక్కకు నెట్టాడు. పిల్ల బిక్కమొహం వేసింది. ఆ అన్నం ఆ రోజు కుక్క తిన్నది.

పిల్లకేం తెలుసు పాపం? ఆ సంగతి జరిగేనాటికి దానికి రెండేళ్లు. నర్సమ్మకు కూడా సగమే తెలుసు. పూర్తిగా తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే. ఒకడు సారంగపాణి, రెండోవాడు జానీ మియా.

యాభై ఏడులో సారంగపాణి టెంపరరీ కండక్టరుగా చేరినప్పుడు అతన్ని హన్మకొండ - ములుగు బండి మీద వేశారు. డ్రైవరు జానీ మియా. ఇరవై ఏళ్ల సర్వీసు, గుబురు మీసాలు, బండికీ తనకూ ఒకే ఊపిరి అన్నట్టుండేవాడు. మొదటిరోజే కొత్త కుర్రవాణ్ణి దగ్గరికి పిలిచి పాఠం చెప్పాడు.

"చూడు పాణీ, నా ముందట గీ అద్దం ఉన్నది. దీంట్ల రోడ్డు కనవడ్తది. ఎనుక ఏమున్నదో నాకు కనవడది. ఎనుక నా కండ్లు నీ నోట్ల ఉన్నయ్. బండి ఎనుకకు తీసేటప్పుడు నువ్వు దిగాలె, ఎనుకకు పోయి నిలబడాలె, చూసి అప్పుడు రైట్ అనాలె. నువ్వు రైట్ అన్నవంటె నేను మల్ల తిరిగి చూడ. సంజైందా?"

"అయింది చిచ్చా" అన్నాడు సారంగపాణి. ఆ రోజు నుంచి జానీ మియా అతనికి చిచ్చా, అంటే బాబాయి. రంజాన్ పండుగకు మండిబజారులో వాళ్లింటికి వెళ్తే ఆయన భార్య గులాబ్ బీ గిన్నెడు సేమ్యా పోసి, ఇంకో గిన్నెడు బలవంతం చేసేది. సుగుణ పుట్టు వెంట్రుకలకు జానీ మియా వెండి మురుగులు తెచ్చి పిల్ల చేతికి స్వయంగా తొడిగాడు. కన్నతండ్రి కూడా అంత దగ్గర కాదనుకునేవాడు సారంగపాణి.

యాభై ఎనిమిది, సీతాఫలాల కాలం. వెనకపట్టు వాన ములుగులో కుండలతో పోసినట్టు పడుతోంది. బస్సు ఖాళీ అయింది. తిరిగి హన్మకొండ వైపు మళ్లాలంటే ఆ ఇరుకు జాగాలో వెనక్కి తీయాలి. సారంగపాణి దిగాలి, వెనక్కి వెళ్లాలి, చూడాలి. కానీ ఒంటి మీద కొత్త ఖాకీ జత. ముందురోజే ఇచ్చారు. నర్సమ్మ పొద్దున్నే లేచి బొగ్గుల ఇస్త్రీపెట్టెతో కత్తిలాంటి మడతలు పెట్టింది. ఆ మడతలు తడుస్తాయని, అంతే, ఇంకే కారణమూ లేదు, ఫుట్‌బోర్డు మీదే నిలబడి తల ఇంత బయటికి పెట్టి "రైట్, రైట్" అని కేకేశాడు. జానీ మియా తిరిగి చూడలేదు. చూడనని ముందే చెప్పాడు కదా.

బస్సు వెనకాల, దాని వెనక అంచు కింద వానకు ముడుచుకుని యాకయ్య కూర్చున్నాడు. అడవిలో ఏరిన సీతాఫలాల గంప తడవకుండా దాని మీద వంగి ఉన్నాడు. కుడికాలి మీదుగా చక్రం ఎక్కింది.

యాకయ్యను అదే బస్సులో పడుకోబెట్టుకుని వరంగల్ దవాఖానకు తెచ్చారు. దారి పొడుగునా అతని తల సారంగపాణి ఒళ్లోనే ఉంది. కొత్త ఖాకీ నెత్తురుతో తడిసింది. ప్రాణం దక్కింది గానీ మోకాలి కింద కాలు తీసేశారు.

పదిహేను రోజులకు విచారణ అన్నారు. ముందురోజు సాయంత్రం జానీ మియా డిపో వెనక చింతచెట్టు దగ్గరికి సారంగపాణిని తీసుకుపోయాడు.

"రేపు సాబ్ అడిగితె నువ్వు రైట్ అనలేదని చెప్పు. నేనే తొందరపడి తీసిన అని నేను చెప్త."

"గదెట్ల చిచ్చా? అన్న కద నేను!"

"అరే, ఇను జర. నీది టెంపరరీ. ఒక్క మాటతోని నీ నౌకరీ ఊడ్తది. నాది ఇరవై ఏండ్ల సర్వీసు. రెండు నెలలు సస్పెండ్ చేస్తరు, ఇంట్ల పండుకుంట. ఫికర్ చెయ్యకు."

కాదనాల్సింది. ఒక్కసారి కాదు, పదిసార్లు కాదనాల్సింది. సారంగపాణి చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు. మరునాడు సాబు ముందు "నువ్వు రైట్ చెప్పినవా, లేదా?" అన్న ప్రశ్నకు "లేదు సాబ్" అన్నాడు. సాబు "ఆల్రైట్" అని ఫైలు మూసేశాడు.

జానీ మియా వేసిన అంచనా తప్పింది. వారం తిరక్కముందే నౌకరీ నుంచి తీసేసినట్టు కాగితం వచ్చింది. లైసెన్సు కూడా పోయింది. చెప్పుకోవడానికి ఏమైనా ఉంటే ముప్పై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చని ఆ కాగితం అడుగున రాసి ఉంది.

ముప్పై రోజులు! సారంగపాణి మనసులో రోజూ వెళ్లాడు. సాబు దగ్గరికి వెళ్లి నిజం చెప్పాడు, చిచ్చా కాళ్ల మీద పడ్డాడు, అన్నీ మనసులోనే. ఒంటితో మాత్రం ఒక్కసారి ఆఫీసు గేటు దాకా వెళ్లి, అక్కడి జవాను "ఎవలు గావాలె?" అనగానే "ఎవ్వలు లేరు" అని వెనక్కి వచ్చాడు. ఇంట్లో రెండేళ్ల పిల్ల, మంచం పట్టిన తల్లి, తనది టెంపరరీ నౌకరీ. కారణాలు వెతుక్కునేవాడికి వాటికేం కరువు? మండిబజారు వైపు అసలే పోలేదు. ముప్పై ఒకటో రోజు పొద్దున లేస్తే గుండె మీది బరువు దిగినట్టనిపించింది. ఆ తేలికదనాన్ని తలుచుకుంటే ఇప్పటికీ తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

తరువాత ఆర్నెల్లకు పర్మినెంటు అయ్యాడు. జానీ మియా కుటుంబం పరకాల పోయిందని, అక్కడ పత్తి జిన్నింగు మిల్లు గేటు దగ్గర కూర్చుంటున్నాడని ఎవరో చెప్పారు. అప్పటి నుంచి సారంగపాణి పరకాల డ్యూటీ ఎక్కలేదు. పడితే ఎవరినో బతిమాలి మార్చుకునేవాడు. ములుగు పోతే అక్కడ ఇంకో శిక్ష. చంకకర్రతో నిలబడి పండ్లమ్ముకునే యాకయ్య అతన్ని చూడగానే "నువ్వు నన్ను ఒళ్లె వెట్టుకొని తెచ్చిన దేవునివి. గా డ్రైవరు చెయ్యిరగ!" అని రెండు సీతాఫలాలు బలవంతంగా చేతిలో పెట్టేవాడు. సారంగపాణి వాటిని తీసుకుని, దారిలో ఎవరికో ఇచ్చేసేవాడు. ఎన్నడూ తినలేదు, నిజమూ చెప్పలేదు. మనిషి చెడ్డవాడు కాడు. పిరికివాడు, అంతే.

ఆ కేసుతో డిపోలో కొత్త ఆచారం కూడా పుట్టింది. అంతకు ముందు బస్సు రేకు మీద రెండుసార్లు కొట్టినా డ్రైవర్లు కదిలేవారు. జానీ మియా కేసు తరువాత కండక్టరు నోరు తెరిచి రైట్ అంటే తప్ప క్లచ్చి మీద కాలు పెట్టేది లేదన్నారు. అందరిలోకీ రామలింగం అనే డ్రైవరు మరీ మొండి. ఈల వేసినా, గంట కొట్టినా వాడికి చెవుడు.

పిల్లను కసిరిన మరునాడు సారంగపాణి డిపోలో తనంతట తానే పరకాల డ్యూటీ అడిగాడు. డ్యూటీలు వేసే గుమాస్తా కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "పొద్దు ఎటు దిక్కు పొడిచిందయ్యా?" అన్నాడు. డ్రైవరుగా రామలింగం పడ్డాడు.

పరకాలలో మధ్యాహ్నం గంటసేపు ఆగాలి. సారంగపాణి నేరుగా మిల్లు గేటుకు నడిచాడు. చెప్పాల్సిన మాటలు దారంతా కూడబలుక్కున్నాడు. చిచ్చా, నేను రాసిస్త, సంతకం పెడ్త, ఎక్కడికి రమ్మంటె అక్కడికి వస్త. గేటు దగ్గర వేరే మనిషి ఉన్నాడు. "జానీ మియానా? కండ్లు పొయినయ్ గద. రెండు నెలలైంది, బంద్ జేసిండు. ఇల్లు ఎక్కడనో నాకు తెల్వదు" అన్నాడు.

వచ్చాను, చూశాను, లేడు, నేనేం చేసేది? అనుకుంటూ సారంగపాణి వెనుదిరిగాడు. అడుగులు తేలికగా పడుతున్నాయి. ముప్పై ఒకటో రోజు పొద్దున పడ్డట్టే పడుతున్నాయని గుర్తించి సిగ్గుతో ఆగిపోయాడు. ఇల్లు ఎవరినైనా అడిగి తెలుసుకోవచ్చు. అప్పటికే బస్సుకు వేళయింది.

బస్సు నిండింది. అన్నీ సర్దుకుని బయలుదేరబోతుంటే, నల్లబురఖా వేసుకున్న ఒక ముసలామె, ఒక ముసలాయన చెయ్యి పట్టుకుని మెల్లగా మెట్టెక్కించింది. ఆయన మీసాలు తెల్లబడ్డాయి. కళ్లలో బూడిద పూసినట్టు పొర. చేత్తో తడుముకుంటూ డ్రైవరు వెనక సీటు వెతుక్కున్నాడు. పాత అలవాటు. అక్కడ కూర్చున్న రైతు లేచి జాగా ఇచ్చాడు.

సారంగపాణి గుర్తుపట్టాడు.

టిక్కెట్లు కొట్టాలి కదా, కొట్టాడు. నోరు మెదపకుండా రెండు వేళ్లు చూపించి "రెండేనా?" అన్నట్టు సైగ చేశాడు. గులాబ్ బీ తలూపి "వరంగల్ దవాఖాన కాడికి పోవాలె, కండ్ల ఆపరేషన్" అంది. ముసుగులోంచి అతని మొహం కేసి ఒక్క క్షణం ఎక్కువే చూసింది. సారంగపాణి తిరిగి వెనక తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

ఇప్పుడు రైట్ అనాలి.

అంటే ఆ ముసలాయనకు గొంతు తెలిసిపోతుంది. వాన అయినా, ఇంజను రొద అయినా, ఆ మాట ఈ నోట్లోంచి వస్తే గుర్తుపట్టే చెవులవి. సారంగపాణి రేకు మీద రెండుసార్లు గట్టిగా కొట్టాడు. రామలింగం కదల్లేదు. మళ్లీ కొట్టాడు.

"నోటితోని చెప్పు!" అని అరిచాడు రామలింగం.

ఎండకు ఉడికిపోతున్న జనం గొణగడం మొదలుపెట్టారు. "కండక్టర్ సాబ్ నోట్ల ఏమన్న వెట్టుకున్నడా?" అన్నాడొకడు. "మాట్లాడితె టిక్కెట్టా ఏంది?" అన్నాడింకొకడు. నవ్వులు. పసిపిల్ల ఏడుపు. దిగి పారిపోదామా అని కూడా అనిపించింది సారంగపాణికి. అప్పుడు సుగుణ బిక్కమొహం గుర్తొచ్చింది.

"రైట్" అన్నాడు. గొంతు పీలగా వచ్చింది. "రైట్, రైట్!"

బస్సు కదిలింది. ముందు సీట్లో తెల్లమీసాల మనిషి నిటారుగా లేచి కూర్చున్నాడు. చూపు లేని మొహం మెల్లగా వెనక్కి తిరిగింది.

"పాణీ?"

సారంగపాణి సీట్లు పట్టుకుంటూ ముందుకు నడిచి, ఆయన మోకాళ్ల దగ్గర కింద కూలబడ్డాడు. కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ గుర్తు లేదు.

"చిచ్చా, గా దినం రైట్ అన్నది నేనే" అన్నాడు గట్టిగా. బస్సులో అందరికీ వినబడింది. "ఎనుకకు పోలే, చూడలే. బట్టలు తడుస్తయని మెట్టు మీద నిలవడి రైట్ అన్న. యాకయ్య కాలు తీసింది నేను. నీ తప్పు ఇసుమంత గూడ లేదు."

రామలింగం అద్దంలోకి చూసి మళ్లీ రోడ్డు వైపు తిరిగాడు.

"నాకు చెప్తానవా బేటా?" అన్నాడు జానీ మియా. "నా చెవులతోని నేను ఇన్న కద."

"ఆఫీసుల రాసిస్త. నిన్ను ఉత్తపుణ్యానికి తీసిండ్రని, నేనే అబద్ధమాడిన అని సంతకం వెడ్త."

"ఇప్పుడా?" జానీ మియా నవ్వినట్టే ఉంది. "ఇప్పుడు నాకు బస్సు గాదు, పళ్లెంల అన్నం గూడ కనవడ్తలేదు. నీ కాగితం ఏం జేసుకోవాలె?"

సారంగపాణి తల వంచుకున్నాడు. తరువాత ముసలాయన మెల్లగా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టాడు.

"ముప్పై దినాలు టైమిచ్చిండ్రు. ముప్పై దినాలు నేను అరుగు మీద కూసున్న. నువ్వు వస్తవని. గీ గులాబ్ బీ రోజు ఒక కప్పు చాయ్ ఎక్కువ వెట్టేది, పాణి వస్తడు, పొద్దుగాల డ్యూటీ దిగి వస్తడు అని. చల్లారితె నేను తాగేది."

"చెప్పకుండ్రి జీ, ఇప్పుడెందుకు?" అంది గులాబ్ బీ. ఆమె ఎక్కగానే గుర్తుపట్టిందని సారంగపాణికి అప్పుడు అర్థమైంది.

"చెప్పనీయ్. పాణీ, నువ్వు వచ్చి, చిచ్చా, పోయి నిజం చెప్త అన్నవనుకో. నేను పోనిద్దునా? నీ రెక్క వట్టుకొని కూసోవెడుదును. చాయ్ తాగు, ఇంటికి పో, పిల్ల సల్లగుండాలె అందును. నౌకరీ ఎట్లన్న పోయేదే. నువ్వు రావాలె, గంతే అనుకున్న."

సారంగపాణికి ఏడుపు ఆగలేదు. పదేళ్లు తను భయపడింది నౌకరీ పోతుందని. ఆ మనిషి అడిగింది నౌకరీ కానే కాదు. కొత్తవాడ నుంచి మండిబజారుకు ఎంత దూరం? మెల్లగా నడిచినా అర్ధగంట. ఒక్క కప్పు చాయ్ తాగి రావాల్సింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? పదేళ్ల నాటి చాయ్ ఇప్పుడెవరు పోస్తారు?

"దవాఖాన దాక నేను తోల్క పోత చిచ్చా. ఆపరేషన్ అయ్యేదాక ఉంట."

"వద్దు. నీ డ్యూటీ నీకున్నది. నాకు ఈమె ఉన్నది" అన్నాడు జానీ మియా. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, కాస్త తిట్టినా సారంగపాణి బతికిపోయేవాడు.

గూడెప్పాడు దగ్గర ఎవరో "ఓల్డాన్!" అన్నారు. బస్సు ఆగింది. ఇద్దరు దిగారు, ఒక బుట్టల ఆమె ఎక్కింది. సారంగపాణి కళ్లు తుడుచుకుని లేచి, తలుపు దాకా వెళ్లి, దిగి, బస్సు చుట్టూ వెనకాల దాకా వెళ్లి చూశాడు. ఎవరూ లేరు. ఎక్కి నిలబడి నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. రాలేదు.

ఈసారి జనంలో ఎవరూ నవ్వలేదు. రామలింగం కూడా అరవలేదు. బస్సు నిలబడే ఉంది.

ముందు సీట్లో జానీ మియా తల కొంచెం వంచి, వెనక నుంచి రావాల్సిన మాట కోసం కాసేపు ఆగాడు. రాకపోయేసరికి చెయ్యి చాపి, డ్రైవరు సీటు వెనక రేకు తడిమి చూసుకుని, దాని మీద అరచేత్తో ఒక్కటి కొట్టాడు.

"పాణి చూసిండు, ఎనుక ఎవ్వలు లేరు" అన్నాడు. "రైట్!"

కండక్టరు కాని మనిషి మాట మీద రామలింగం బండి తీయడం అదొక్కసారే. వెనక తలుపు దగ్గర సారంగపాణి కమ్మీ పట్టుకుని, హన్మకొండ వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు.